రాజుగారి పెళ్ళి, కుమ్మరి కప్పు

బ్రిటిష్ రాజకుటుంబంలో ఎవరి పెళ్ళయినా ఆ జంట బొమ్మలతో కప్పులు, పళ్ళేలు, బిస్కెట్ డబ్బాలు, చేతిరుమాళ్ళు బజారుకొస్తాయి. వాటిని ఏళ్ళ తరబడి వెతికి పోగేసేవాళ్ళు ఇంగ్లండులో ఉన్నారు, అమెరికా ఆస్ట్రేలియాల్లో ఉన్నారు, మన దేశంలోనూ ఉన్నారు. ఆ మనుషుల మీద మన చదువుకున్నవాళ్ళ తీర్పు ఎప్పుడో అయిపోయింది: బానిసబుద్ధి. దొరలు ఓడెక్కి వెళ్ళిపోయినా వీళ్ళ నడుం ఇంకా వంగే ఉంది, రాణిగారి పెళ్ళిపళ్ళేన్ని అద్దాల బీరువాలో పెట్టుకుని మురిసిపోతున్నారు, ఇదీ ఆ మాట. అభ్యుదయవాది ఈ మాటంటాడు, జాతీయవాదీ ఇదే అంటాడు. మరే విషయంలోనూ పొసగని ఈ ఇద్దరూ కప్పు దగ్గర మాత్రం చేతులు కలుపుతారు. ఇంతమంది అంటున్నారు గనక నిజమే అయి ఉంటుందని మిగతావాళ్ళు తలూపుతారు.

నాకు వరసకి అక్కయ్యే ఒకావిడ బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. పాతసామాన్ల దుకాణంలో రెండు పౌండ్లకి కొన్న చార్లెస్, డయానాల పెళ్ళికప్పులో రాత్రిపూట పెరుగు తోడుపెడుతుంది. ఇద్దరికి ఒక పూటకి సరిగ్గా సరిపోయే సైజట, అంతకుమించి కారణం లేదు. ఇక్కణ్ణించి వెళ్ళిన మేనమామ ఒకాయన ఆ కప్పు చూసి, "ఏమ్మా, ఇంకా వాళ్ళ ఊడిగమేనా?" అన్నాట్ట. "పెరుగు గడ్డలా తోడుకుంటోంది మావయ్యా" అని ఆవిడ జవాబు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం ఊరుకోదలుచుకోలేదు. ఎందుకంటే ఆవిడ నవ్వులాటగా అన్నదాంట్లోనే అసలు విషయం ఉంది. కప్పు మీద ఎవరి బొమ్మ ఉందన్నది ఒక సంగతి, కప్పు ఎవరిదన్నది వేరే సంగతి.

మన పెళ్ళిళ్ళలో స్టీలు గిన్నె మీద ఇచ్చినవాళ్ళ పేరూ తేదీ కొట్టించి ఇవ్వడం ఉంది కదా. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ గిన్నెలో చారు కాస్తున్నప్పుడు ఆ పేరుగల పెద్దమనిషి మీద భక్తి పొంగుతుందని ఎవరూ అనరు. ఆయన మోతుబరి కావచ్చు, ఊళ్ళో సగం పొలం కాజేసినవాడూ కావచ్చు. గిన్నె వంటింటిది. అడుగున సొట్ట, పిడి దగ్గర అతుకు, అంచున మసి ఆ ఇంటి సంసారాన్ని చెబుతాయే తప్ప పేరుగలాయన వైభవాన్ని చెప్పవు. ఇంత మామూలు సంగతి మన గిన్నె దగ్గర అర్థమైనవాళ్ళకి ఇంగ్లీషు కప్పు దగ్గర ఎందుకు అర్థం కాదు?

ఇక నా వాదన. ఈ జ్ఞాపికలు రాజభక్తికి సాక్ష్యాలన్న మాట చరిత్రకి నిలవదు. వాటిని చేసిన చేతులూ, అమ్మిన అంగళ్ళూ, కొని వాడి పగలగొట్టుకున్న ఇళ్ళూ వాటిలో ఉన్నంతగా రాజు లేడు. రాజు చరిత్ర రాయడానికి బోలెడంతమంది ఆస్థాన రచయితలున్నారు, కప్పు చేసినవాళ్ళకి ఆ కప్పే దిక్కు. దాన్ని కూడా "రాజుది" అని పారేయమంటే, పనివాళ్ళకి మిగిలిన ఆ కాస్తా తీసుకెళ్ళి రాజు ఖాతాలో రాసినట్టు.

1840 ఫిబ్రవరి 10న విక్టోరియాకీ ఆల్బర్ట్‌కీ లండన్‌లో సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ప్రార్థనామందిరంలో పెళ్ళయింది. పెళ్ళి అక్కడ, పళ్ళేలు మాత్రం స్టాఫర్డ్‌షైర్‌లో. బర్స్‌లెమ్, హాన్లీ, టన్‌స్టాల్, లాంగ్టన్ లాంటి ఊళ్ళు అప్పటికే ఇంగ్లండుకంతటికీ కుమ్మరివాడ. ఇవాళ వాటన్నిటినీ కలిపి స్టోక్-ఆన్-ట్రెంట్ అంటారు. పళ్ళెం మీదికి పెళ్ళికూతురు ఎలా ఎక్కుతుందో చూడండి. ముందు రాగిరేకు మీద బొమ్మ చెక్కుతారు. రేకు వేడిచేసి చిక్కటి రంగు పులిమి, గాడుల్లో దిగింది తప్ప మిగతాదంతా గీకి తుడిచేస్తారు. సబ్బునీళ్ళలో తడిపిన పల్చటి కాగితాన్ని దానిమీద పరిచి యంత్రంతో ఒత్తితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. ఒక ఆడపిల్ల కత్తెరతో ఆ కాగితాన్ని అంచుల వెంబడి కత్తిరించి ఇస్తుంది. ఒకసారి కాల్చి తీసిన పళ్ళెం మీద పెద్దామె దాన్ని పరిచి, ముడత పడకుండా సర్ది, గట్టి బ్రష్షుతో శక్తికొద్దీ రుద్దుతుంది. నీళ్ళలో వేస్తే కాగితం ఊడిపోతుంది, బొమ్మ మిగులుతుంది. ఆ పైన గ్లేజు పూసి మళ్ళీ ఆవంలో పెట్టి కాలుస్తారు.

అలాంటి పాత కప్పు దొరికితే పిడి దగ్గర చూడండి. చుట్టూ తిరిగి వచ్చిన పూలతీగ అక్కడ కలవదు. ఒక ఆకు సగంలో తెగిపోతుంది, పువ్వు పక్కన పువ్వు ఎక్కుతుంది. కాగితం రెండు అంచులూ కలిసిన చోటు అది. వేళ్ళు మొద్దుబారేదాకా రుద్దిన ఒక మనిషి ఆ క్షణంలో కాస్త అటో ఇటో జరిపింది. ఆమె పేరు ఏ దస్త్రంలోనూ లేదు, పొరపాటు మాత్రం నూట ఎనభై ఏళ్ళు దాటి మన ముందుంది. బొమ్మలోని రాణి ముఖం ఎవరిలా ఉందో కూడా చెప్పలేం. పేరు రాసి ఉండబట్టి విక్టోరియా అనుకోవాలి. మరి ఆ వస్తువులో స్పష్టంగా కనిపిస్తున్నది ఎవరు?

ఆ పెళ్ళి రోజుల్లోనే, 1840-41లో, శామ్యూల్ స్క్రివెన్ అనే అధికారి ఈ కర్మాగారాల్లో పిల్లల పని మీద ప్రభుత్వం తరఫున విచారణ జరిపాడు. పచ్చి పళ్ళేన్ని అచ్చుతో సహా ఎత్తుకుని సెగలు కక్కే ఆరబెట్టే గదిలోకి పరిగెత్తడం, అక్కడ పెట్టి ఖాళీ అచ్చు తీసుకుని మళ్ళీ పరిగెత్తి రావడం చిన్నపిల్లల పని. పొద్దున చీకటితో మొదలై రాత్రిదాకా అదే పరుగు. గ్లేజులో సీసం ఉండేది. అందులో చేతులు ముంచి తీసేవాళ్ళకి మణికట్లు పడిపోయేవి, కడుపులో మెలిపెట్టే నొప్పులొచ్చేవి. రాణిగారి పెళ్ళిపళ్ళెం నిగనిగలాడుతోందంటే ఆ నిగనిగకి అయిన ఖర్చు ఇది.

వాళ్ళు రాజభక్తులా? ఆ పెళ్ళయిన రెండేళ్ళకి, 1842 ఆగస్టులో, ఇవే ఊళ్ళు భగ్గుమన్నాయి. కూలి కోతల మీద బొగ్గుగని కార్మికులు మొదలెట్టిన సమ్మె, ఓటుహక్కు కోసం చార్టిస్టులు చేస్తున్న ఆందోళన ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. మేజిస్ట్రేట్ల ఇళ్ళూ పాదిరీల ఇళ్ళూ తగలబడ్డాయి. ఆగస్టు 16న బర్స్‌లెమ్‌లో సైనికులు జనం మీద కాల్పులు జరిపితే జోసయ్య హీపీ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. రాణి బొమ్మలు అంటించిన వీధుల్లోనే ఇదంతా. బొమ్మ అంటించడం కూలిపని, తిరగబడటం రాజకీయం. అప్పటి కుమ్మరి ఈ రెండింటికీ తేడా తెలుసుకుని బతికాడు. తెలియంది మన విమర్శకుడికే.

అసలు రాజుల బొమ్మలున్న ప్రతిదీ రాజుని పొగడటానికే పుట్టిందనుకోవడం ఎంత అమాయకత్వమో కరోలిన్ జగ్గులు చూస్తే తెలుస్తుంది. నాలుగో జార్జి యువరాజుగా ఉండగా 1795లో బ్రన్స్‌విక్ కరోలిన్‌ని పెళ్ళాడాడు. అప్పులు తీర్చుకోవడానికి చేసుకున్న పెళ్ళి. కొద్దికాలానికే విడిపోయారు. 1820లో అతను గద్దెనెక్కగానే ఆమె రాణినంటూ తిరిగొచ్చింది. రాజు ఆమె శీలం మీద పార్లమెంటులో విచారణ పెట్టించి, చట్టం ద్వారానే విడాకులు పుచ్చుకోవాలని చూశాడు. సొంత సరసాలకి లెక్కలేనివాడు భార్య శీలం మీద విచారణ పెట్టడం చూసి జనానికి మండింది. అప్పుడు స్టాఫర్డ్‌షైర్ ఏం చేసిందనుకుంటున్నారు? కరోలిన్ బొమ్మతో జగ్గులూ పళ్ళేలూ కుప్పలు తెప్పలుగా చేసి అమ్మింది. సారాదుకాణం బల్ల మీద రాణి జగ్గు పెట్టుకోవడమంటే రాజుని నలుగురిలో తిట్టినట్టే, కాకపోతే తిట్టినందుకు జైల్లో వెయ్యడానికి లేదు. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం బిల్లు వెనక్కి తీసుకుంది. 1821 జూలై 19న పట్టాభిషేకానికి వచ్చిన ఆమెని వెస్ట్‌మిన్‌స్టర్ అబే తలుపుల దగ్గరే ఆపేశారు, మూడు వారాలు తిరక్కుండా చనిపోయింది. పగుళ్ళిచ్చిన ఆ జగ్గుని ఇవాళ ఎవరైనా అపురూపంగా దాచుకుంటే అది ఎవరికి చేసే ఊడిగం?

ఇదంతా ఎప్పటి మాటో, ఇరవయ్యో శతాబ్దంలో జనం మెత్తబడ్డారంటారేమో. 1981 సంగతి చూద్దాం. ఆ ఏప్రిల్‌లో లండన్ బ్రిక్స్‌టన్‌లో, జూలైలో లివర్‌పూల్ టాక్స్‌టెత్‌లో నల్లజాతి యువకులకీ పోలీసులకీ మధ్య వీధిపోరాటాలు జరిగాయి. నిరుద్యోగుల సంఖ్య పాతిక లక్షలు దాటింది. జూలై 29న సెయింట్ పాల్ కెథడ్రల్‌లో చార్లెస్, డయానాల పెళ్ళి. అప్పుడు బజారులోకి వచ్చినవన్నీ మా అక్కయ్య కప్పులాంటివే కావు. మార్క్ బాక్సర్ అనే కార్టూనిస్టు గీసిన బొమ్మతో కార్ల్టన్ వేర్ వాళ్ళు ఒక కప్పు చేశారు. ఒకవైపు చార్లెస్ ముఖం, ఆయనగారి చెవే కప్పుకి పిడి. పొద్దున్నే టీ తాగాలంటే కాబోయే రాజు చెవి పట్టుకోవాలి! స్త్రీవాద పత్రిక స్పేర్ రిబ్ వాళ్ళు డయానాకి ఈ పెళ్ళి వద్దని చెప్పే బ్యాడ్జీలు వేశారు. జనం నవ్వుతూ చొక్కాలకి గుచ్చుకున్నారు. పదిహేనేళ్ళ తర్వాత, 1996లో, విడాకులయ్యాయి. ఆ పెళ్ళికి సంబంధించి అచ్చయిన వేల రకాల సరుకులో నిజం చెప్పింది ఆ రేకుముక్క.

2011 ఏప్రిల్ 29న విలియం, కేట్‌ల పెళ్ళికి లండన్‌లోని ఒక గ్యాలరీ, సెలవు దొరికినందుకు థాంక్స్ అని జంటకి చెప్పే పళ్ళేలు అమ్మింది. కంబ్రియా యువతి ఒకామె, హడావుడి చూసి కడుపులో తిప్పేవాళ్ళ కోసమని వాంతిసంచులు అచ్చువేసి అమ్మింది. అవీ పెళ్ళి జ్ఞాపికలే. పోగేసేవాళ్ళు వాటినీ అంతే శ్రద్ధగా పోగేస్తారు. "బానిసలు" వాంతిసంచిని అట్టపెట్టెలో భద్రం చేస్తారన్నది మన విమర్శకుల సిద్ధాంతంలో ఎక్కడ ఇముడుతుందో వాళ్ళే చెప్పాలి.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. ఈ వాదన అంతటిలోకీ నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇక్కడే ఉంది.

1947 నవంబరు 20న ఎలిజబెత్, ఫిలిప్‌ల పెళ్ళయింది. యుద్ధం అయిపోయి రెండేళ్ళయినా ఇంగ్లండులో బట్టలకి కూపన్లు, తిండికి రేషను. కుమ్మరి కర్మాగారాలు బొమ్మలద్దిన సామాను దేశంలో అమ్మడానికి 1942 నుంచి 1952 దాకా ఆంక్షలున్నాయి. రంగులద్దినదంతా ఎగుమతికే, డాలర్లు తెచ్చేందుకే. సొంతజనం తెల్లటి ఉత్త కప్పుల్లో తాగాలి. అందుకే ఆ పెళ్ళికి సంబంధించిన పింగాణీ సామాను చాలా అరుదు. చక్రవర్తి కూతురి పెళ్ళికి చక్రవర్తి ప్రజలకి ఒక పువ్వు బొమ్మ కప్పు కూడా దొరకలేదన్నమాట. ఆ లోటే సామ్రాజ్యం చితికిపోయిన వైనాన్ని చెబుతుంది.

సామాన్యుడికి కప్పు దొరకని ఆ పెళ్ళికి రాజకుమారికి మాత్రం సుమారు రెండున్నర వేల కానుకలొచ్చాయి. జనం వరసకట్టి చూడటానికి వాటిని సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో పెట్టారు. గాంధీ తను వడికిన నూలుతో అల్లించిన గుడ్డ పంపాడు, మధ్యలో జైహింద్ అని ఉంది. పెళ్ళికూతురి నాయనమ్మ మేరీ రాణి దాన్ని గోచీగుడ్డ అనుకుని ముఖం చిట్లించింది. హైదరాబాదు నుంచి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కార్టియే నగలదుకాణానికి కబురు పెట్టాడు, అమ్మాయికి నచ్చింది ఏరుకోనివ్వండి అని. ఆమె ఒక వజ్రాల కిరీటం, ఒక వజ్రాల నెక్లెస్ ఏరుకుంది. కిరీటాన్ని 1973లో విప్పించి ఆ రాళ్ళతో వేరే కిరీటం చేయించుకుంది. నెక్లెస్ ఇంకా ఉంది. 2014 ఫిబ్రవరిలో కేట్ దాన్ని పెట్టుకుని లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి వచ్చింది.

ఆ ఫొటో మనవాళ్ళు ఎలా చూసుకున్నారో గుర్తు చేసుకోండి. మన నిజాం నెక్లెస్, బ్రిటిష్ కోడలి మెడలో! ఎంత గర్వం. రెండు పౌండ్ల కప్పు చూసి బానిసబుద్ధి అన్న నోళ్ళే కదా ఇవి? ఆ నెక్లెస్ ఏరుకునే నాటికి తెలంగాణ పల్లెల్లో ఏం జరుగుతోంది? 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకి నేలకొరిగి ఏడాది దాటింది. వెట్టిచాకిరీ మీద, దేశ్‌ముఖుల గడీల మీద రైతుకూలీలు లేచారు. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నారు. పెళ్ళయిన తొమ్మిదో రోజున, నవంబరు 29న, నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకున్నాడు. ఆ వజ్రాలు ఎవరి చెమట? రాజులు రాజులకి ఇచ్చుకున్న ఆ కానుక మీద మనకి రోషం రాదు, అది "మన వారసత్వం". పేదపిల్ల అంటించిన కాగితం బొమ్మ కప్పు మీద మాత్రం రోషం పొడుచుకొస్తుంది. బానిసబుద్ధి అన్న మాటకి అర్థం కావాలంటే ఆ గర్వంలో వెతుక్కోవచ్చు, కప్పు దాకా పోనక్కర్లేదు.

ఈ ఖండనలో రెండో పక్షాన్నీ వదిలిపెట్టకూడదు. కప్పుని వెనకేసుకొచ్చేవాళ్ళలో చాలామంది అసలు కారణం వదిలేసి డబ్బు కారణం చెబుతారు: దాచండి, ధర పెరుగుతుంది, మీ పిల్లల చదువుకి పనికొస్తుంది అని. బానిసబుద్ధి అనేవాళ్ళకి ఇంతకన్నా గొప్ప సాయం లేదు. ధర పెరగదు. 1981 పెళ్ళికి బ్రిటన్ టంకశాల పాతిక పెన్నీల ముఖవిలువతో వేసిన నాణేలు రెండున్నర కోట్లకి పైమాటే. ప్రతి ఇంట్లోనూ అమ్మమ్మ సొరుగులో ఒకటుంది, ఇవాళ చిల్లర డబ్బులకి దొరుకుతుంది. అందరూ దాచిన వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? ఎనిమిదో ఎడ్వర్డ్ కథా అంతే. 1937 మే 12న జరగాల్సిన ఆయన పట్టాభిషేకానికి కప్పులు ముందే చేసేశారు. 1936 డిసెంబరులో ఆయన గద్దె దిగిపోయాడు. జరగని పట్టాభిషేకం కప్పు గనక బంగారం అని ఇప్పటికీ అనుకునేవాళ్ళున్నారు. అప్పటికే అవి లక్షల్లో తయారై ఉన్నాయి, బంగారం కాదు గదా ఇత్తడి ధర కూడా రాదు. ఆ తర్వాత 1937 జూన్ 3న ఫ్రాన్సులో వాలిస్ సింప్సన్‌తో జరిగిన ఆయన పెళ్ళికి మాత్రం కప్పులు చేసే ఉత్సాహం ఎవరికీ పెద్దగా లేకపోయింది.

"పరిమిత సంఖ్య" అని ధ్రువపత్రంతో సహా అమ్మే పళ్ళేల గుట్టు ఇంకా ముచ్చటైనది. కొన్ని కంపెనీలు ఆ పరిమితిని పళ్ళేల లెక్కలో చెప్పవు, ఆవం వెలిగించే రోజుల లెక్కలో చెబుతాయి. ఇన్ని రోజులే కాలుస్తాం అంటారు. రోజుకి ఎన్ని కాలుస్తారో వాళ్ళకీ దేవుడికీ తెలియాలి.

వేలంపాటలో పలికే ధరలకీ చరిత్రకీ పొత్తు లేదనడానికి కేకు ముక్కలు చాలు. 1840 నాటి విక్టోరియా పెళ్ళికేకు ముక్క 2016లో లండన్ వేలంలో 1,500 పౌండ్లు పలికింది. 1981 నాటి చార్లెస్, డయానాల కేకు ముక్క 2021లో 1,850 పౌండ్లకి పోయింది. నూట నలభై ఏళ్ళు పాతదానికి తక్కువ, కొత్తదానికి ఎక్కువ. ఎడ్వర్డ్, వాలిస్‌ల కేకు ముక్క చిన్న పెట్టెలో ఉన్నది, 1998లో న్యూయార్క్ వేలంలో ఏకంగా 29,900 డాలర్లు. ఎవరి కాపురం ఎంత రచ్చకెక్కిందో దాన్నిబట్టి ధర! పనితనానికీ వయసుకీ అందులో చోటెక్కడిది? పెట్టుబడి అని కొనేవాడూ, బానిసబుద్ధి అని తిట్టేవాడూ చూస్తున్నది కప్పు మీది ముఖాన్నే. ఒకడు ఆ ముఖానికి దండం పెడితే రెండోవాడు ఉమ్మేస్తున్నాడు, కప్పు తిప్పి చూసినవాడు మాత్రం ఇద్దరిలోనూ లేడు.

కొందరు ఇంకాస్త బలంగా వాదిస్తారు, దానికి జవాబివ్వాలి. ఎవరు చేస్తేనేం, ఈ సరుకంతా చివరికి రాజరికానికి ఉచిత ప్రచారం కదా, వంటింటిదాకా రాజుని చేరవేయడమే కదా అని. ఇందులో నిజం లేకపోలేదు. బకింగ్‌హామ్ ప్యాలెస్‌కే సొంత దుకాణం ఉంది, బంగారు అంచుల అధికారిక పింగాణీ అక్కడ దొరుకుతుంది. దాన్ని కొని డబ్బా విప్పకుండా దాచుకునేవాడి తరఫున వాదించడానికి నేను రాలేదు. కానీ ఆ ప్రచారం అంత సులువుగా సాగేదే అయితే రాజప్రాసాదానికి ఇంత కంగారెందుకు? పెళ్ళి జ్ఞాపికల మీద రాజచిహ్నాలు వాడుకోవడానికి లార్డ్ చాంబర్లేన్ కార్యాలయం నియమాలు పెడుతుంది: అభిరుచి దిగజారకూడదు, వ్యాపార ప్రకటన ఉండకూడదు, రాజకుటుంబం ఆమోదించిందన్న భ్రమ కలగకూడదు. 2011 పెళ్ళికి గిన్నెలు తుడుచుకునే గుడ్డల మీద వద్దని ముందు అన్నారు, నలుగురూ నవ్వాక వెనక్కి తగ్గారు. ఎంగిలిగిన్నెలు రాకుమారుడి ముఖంతో తుడుస్తారేమోనన్న భయం అది. ఆ భయం అర్థమున్నదే. బొమ్మ ఒకసారి బజారులో పడ్డాక దాంతో జనం ఏం చేస్తారో రాజు చేతిలో లేదు. పెరుగు తోడుపెడతారు, పెన్నులు పెట్టుకుంటారు, పిడి విరిగితే తులసిమొక్క వేస్తారు.

అలాగని పోగేసేవాళ్ళంతా సరిగ్గా పోగేస్తున్నారని కాదు. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. వాడనిది, గీత పడనిది, డబ్బా నలగనిది కావాలంటారు. పెదవులు ఆనిన చోట బంగారపు గీత చెరిగిపోయిన 1981 కప్పు పక్కన పెట్టేస్తారు. ఆ కప్పులో నలభై ఏళ్ళు ఎవరో టీ తాగారు, ఆ చెరుగుడే దాని జీవితం. డబ్బాలో ఉన్నదానికి జీవితమే లేదు, కర్మాగారం నుంచి నేరుగా వృద్ధాప్యంలోకి వచ్చింది. అదీగాక 1981 నాటికి పని మారిపోయింది. రంగుల బొమ్మ ముందే అచ్చయి వస్తుంది, నీళ్ళలో నానబెట్టి కప్పు మీదికి జార్చి తడి పిండేసి ఆవంలో పెడతారు. బొటనవేలితో రాస్తే ఆ బొమ్మ అంచు ఇప్పటికీ తగులుతుంది. ఇంకో పాతికేళ్ళకి ఆ పనీ చాలామటుకు పోయింది. బర్స్‌లెమ్‌లో రాయల్ డౌల్టన్ కర్మాగారం 2005లో మూతపడింది, 2008లో స్పోడ్, 2009 మొదట్లో వెడ్జ్‌వుడ్ దివాలా అంచుకెళ్ళాయి. పాత కాగితం పద్ధతి బర్స్‌లెమ్ పక్కన మిడిల్‌పోర్ట్‌లో బర్లీ వాళ్ళ దగ్గర మిగిలింది. ఒక ఊరి వృత్తి లేచి కూలిన క్రమమంతా పెళ్ళికప్పుల వరసలో కనిపిస్తుంది. ఏ రాజు తర్వాత ఏ రాజు అని వరసపెట్టేవాళ్ళకి మాత్రం అది కనపడదు.

పాత స్టాఫర్డ్‌షైర్ సామాను బోర్లించి చూస్తే కంపెనీ ముద్ర పక్కన చిన్న చిన్న గుర్తులు కనిపిస్తుంటాయి, ఒక చుక్క, ఒక గీత, ఒక కొక్కెం, ఒక పువ్వు. పాతసామాను అమ్మేవాళ్ళ ప్రకటనల్లో ముద్ర ఫొటో పెద్దగా ఉంటుంది, రాణి పేరు ఉంటుంది, ఈ గుర్తుల ఊసు అరుదు. అవి కూలి లెక్కకోసం పనివాళ్ళు వేసుకున్నవి. ఎవరు ఎన్ని ముక్కలు చేశారో తేల్చడానికి. ఆవంలోంచి బాగా వచ్చిన ముక్కకే కూలి అన్న నియమం ఉండేది. కాల్చేవాడి తప్పువల్ల పగిలినా, వంకరపోయినా చేసినవాడికి కాణీ కూడా దక్కేది కాదు. దాని మీద కుమ్మరులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. విక్టోరియా పెళ్ళిపళ్ళెం మీ చేతికొస్తే ఆమె ముఖం ఎంత బాగుందని కాకుండా, అడుగున ఆ గుర్తు ఉందా అని అమ్మేవాణ్ణి అడగండి. ఉంటే ఆ ముక్కకి ఎవరికో కూలి ముట్టినట్టు.